మంగోల్ శాంతి ఎవరి శ్రమ మీద నిలిచింది?

చర్చాంశం (తెనాలి పాఠకుడు)

బడిలో చదువుకున్న రోజుల్లో మంగోలులంటే గుర్రాలెక్కి వచ్చి ఊళ్ళు తగలబెట్టిన గుంపులని మాత్రమే నాకు తెలుసు. తరువాత చదివినకొద్దీ ఆ అభిప్రాయం నిలవలేదు. 1206లో తెగల మహాసభ అయిన కురుల్తాయ్ తెమూజిన్‌ను చెంగిజ్ ఖాన్‌గా ప్రకటించింది; ఎనభై ఏళ్ళు తిరగకముందే ఆయన వారసుల ఏలుబడి చైనా తీరం నుంచి నల్ల సముద్రం దాకా పరుచుకుంది. ఆ ఏలుబడి నీడలో దూరదేశాల రాకపోకలు సాగిన కాలాన్నే ‘మంగోల్ శాంతి’ అంటారు. ‘యామ్’ అనే తపాలా ఏర్పాటులో దారి పొడవునా మజిలీలు, మార్చుకోవడానికి గుర్రాలు ఉండేవి. ‘పైజా’ అనే బిళ్ళ చూపిన దూతకు ప్రతి మజిలీలోనూ తిండి, బస, గుర్రం దొరికేవి. పలు మతాల పూజారులకు పన్ను మినహాయింపు ఉండేది. నెత్తురు చిందకుండా పుట్టిన సామ్రాజ్యం ఏదీ లేదు కాబట్టి, మంగోలులను కూడా పుట్టుకను బట్టి కాక, ఆ తరువాత వాళ్ళు నిలబెట్టిన వ్యవస్థను బట్టే అంచనా వేయాలని నా వాదన. మిత్రులు ఏమంటారు?

జవాబు (హన్మకొండ పాఠకుడు)

యామ్ గురించి మీరు చెప్పింది నిజమే. నా అభ్యంతరమల్లా పుట్టుక వేరు, తరువాతి వ్యవస్థ వేరు అంటూ మీరు గీసిన గీత మీదనే. 1220లో సమర్‌ఖండ్ లొంగిపోయాక అక్కడి చేతిపనివారిలో 30,000 మందిని ఏరి ఖాన్ కొడుకులకు, బంధువులకు పంచిపెట్టారని జువైనీ రాశాడు. ఆయన మంగోలుల కొలువులోనే పనిచేసి, బాగ్దాద్‌ను పాలించిన అధికారి. ఆనాటి చరిత్రకారుల అంకెలను యథాతథంగా నమ్మలేం గాని, మనుషులను సరుకులా పంచుకున్న సంగతిని యజమానుల పక్షం మనిషే దాచకుండా రాశాడన్నది గమనించాలి. అలా తరలించిన సమర్‌ఖండ్ వారితో ఉత్తర చైనాలోని షున్మాలిన్‌లో ఒక వలస ఊరు వెలిసింది. బంగారు జరీతో నేసే ‘నసీజ్’ పట్టుబట్ట నేతకు అది పేరుపడింది. తూర్పు పడమరల కళలు కలిసి పూచిన అందమంటూ ఈనాడు ప్రదర్శనశాలల్లో మనకు చూపించేది ఆ బట్టనే. మగ్గాలున్న ఊళ్ళను ఎరిగిన మనకు నేత అనేది ఒక్క మనిషి పని కాదని తెలుసు. రంగు కాచేవారు, పడుగు చేసేవారు, అచ్చు అతికేవారు, కండెలు చుట్టే ఆడవాళ్ళు అందరూ ఉంటేనే మగ్గం ఆడుతుంది. అంతమందిని నెలల తరబడి నడిపించి, తెలియని చలిదేశంలో దింపితే పుట్టిన ‘సాంస్కృతిక వినిమయం’ అది.

ఇంకొక దృశ్యం చూడండి. 1254లో మంగోలుల రాజధాని కారాకోరం వెళ్ళిన రూబ్రక్ విలియం అనే క్రైస్తవ సన్న్యాసి, చెంగిజ్ మనవడు మోంగ్కే ఖాన్ కొలువుకూటంలో ఒక వెండి చెట్టును చూశాడు. దాని మొదట్లో నాలుగు వెండి సింహాలు, వాటి నోళ్ళ నుంచి గుర్రపు పాలు. చెట్టు లోపలి గొట్టాల నుంచి ద్రాక్షసారా, పులిసిన గుర్రపు పాల పానీయం, తేనె మద్యం, బియ్యపు మద్యం. కొమ్మల పైన బాకా పట్టిన దేవదూత. బాకా మోగడానికి మొదట తిత్తులు అమర్చారట గాని గాలి చాలలేదు. అందుకని చెట్టు కింది గుంతలో ఒక మనిషిని దాచి, మద్యం కావాల్సినప్పుడల్లా అతనిచేత ఊదించారు. ఆ చెట్టు చేసిన గియోమ్ బూషే పారిస్ కంసాలి. హంగేరీ మీద జరిగిన దండయాత్రలో పట్టుబడ్డవాడు. ఫ్రాన్స్ తూర్పున ఉన్న మెట్జ్ పట్టణపు స్త్రీ పాకెట్ కూడా అక్కడే పట్టుబడి, మంగోల్ కొలువుకు చేరింది. ఆమే విలియంకు మంచి భోజనం వండిపెట్టింది. రష్యన్ వడ్రంగిని పెళ్ళాడి ముగ్గురు పిల్లలతో ఇప్పుడు బాగానే ఉన్నానని, ఇక్కడికి రాకముందు పడ్డ పాట్లు మాత్రం చెప్పనలవి కానివని ఆయనతో అంది. మీరు మెచ్చుకుంటున్న వ్యవస్థ లోపల ఉన్నది ఇలాంటి మనుషులే.

తెనాలి పాఠకుడు

కదిలించే విషయాలే రాశారు. కానీ అందరూ బందీలు కారు కదా! 1258లో బాగ్దాద్‌ను కూల్చిన హులగూయే (మోంగ్కే తమ్ముడు) మరుసటి ఏడాది ఇరాన్‌లోని మరాగాలో ఖగోళ పండితుడు నసీరుద్దీన్ తూసీ కోసం వేధశాల కట్టించడం మొదలుపెట్టాడు. పర్షియా నుంచి వచ్చిన కోబాల్ట్ నీలంతో చైనాలోని జింగ్‌దెజెన్ కుమ్మరులు నీలితెలుపు పింగాణీని తీర్చిదిద్దారు. ప్రతిభను గుర్తించే చూపు పాలకులకు లేకపోతే ఇవి జరిగేవా? మత సహనం మాటేమిటి? అంతెందుకు, చైనాను ఏలిన కుబ్లాయ్ ఖాన్ కొలువు నుంచి తిరుగు ప్రయాణంలో మార్కో పోలో చూసి రాశాడు కాబట్టే మన మోటుపల్లి రేవు, అక్కడి సన్నబట్టలు ఐరోపాకు తెలిశాయి.

హన్మకొండ పాఠకుడు

మరాగా విషయంలో మీతో ఏకీభవిస్తాను. అది పాలకుడు తెలిసి చేసిన మంచి ఎంపిక. దాని ఫలితం ఖగోళశాస్త్రానికి తరతరాలు అందింది. పింగాణీ సంగతీ అంతే.

మత సహనం మాత్రం మీరు చెప్పినంత నిండుగా లేదు. పూజారులకు పన్ను తీసేసింది తమ కోసం దైవాన్ని ప్రార్థించమని. మాట కాదన్ననాడు ఆ దయ ఉండేది కాదు. విందులో తాను పంపిన మాంసాన్ని ముస్లిం వర్తకులు ముట్టలేదని కోపించిన కుబ్లాయ్, 1280 ప్రాంతంలో ఇస్లాం పద్ధతిలో జంతువులను కోయడాన్నే నిషేధించాడు. నిషేధం ఏళ్ళ తరబడి సాగింది. ‘తరువాతి వ్యవస్థ’ ఎలా ఉండేదో ఇరాన్‌లో చూద్దాం. 1294లో ఖజానా ఖాళీ అయి, అక్కడి పాలకుడు, హులగూ మనవడు గైఖాతూ చైనాను చూసి తబ్రీజ్‌లో ‘చావ్’ అనే కాగితపు డబ్బు ప్రవేశపెట్టాడు. తీసుకోనివారికి మరణశిక్ష అన్నాడు. అంగళ్ళు మూతపడ్డాయి, ఊళ్ళో తిండిగింజలు దొరకలేదు; కొన్ని వారాలకే ఆ డబ్బును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది గద్దెనెక్కిన గజాన్ పన్నులను సంస్కరించాడు. ఎందుకంటే వసూలుదారు వస్తున్నాడంటే చాలు, రైతులు ఇళ్ళు వదిలి పారిపోయేవారు. ఇది శత్రువుల ఆరోపణ కాదు. గజాన్ మంత్రి రషీదుద్దీన్ స్వయంగా రాసిన మాట. హులగూ వచ్చి దాదాపు నలభై ఏళ్ళయినా పల్లెలు కుదుటపడలేదంటే, నెత్తుటి కాలం ముగిసి శాంతి కాలం మొదలైందని ఏ ఏడాదిని చూపి చెప్పగలం?

ఇక మోటుపల్లి. గణపతిదేవ చక్రవర్తి అక్కడ అభయశాసనం వేయించింది 1244లో. అప్పటికి బాగ్దాద్ పతనానికి ఇంకా పద్నాలుగేళ్ళుంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు గుంజుకునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. అంటే దూరదేశాల రాకపోకలకు మంగోలుల బిళ్ళ కోసం మన తీరం ఎదురుచూడలేదు. మార్కో పోలో అప్పటికే నడుస్తున్న రేవు గురించి రాశాడు. ఒక కాకతీయ రాజు శాసనం రాయించి సాధించిన నమ్మకాన్ని, ఊళ్ళను తరలించి సాధించిన రాకపోకలతో ఒకే గాటన కట్టడం నాకు కష్టంగా ఉంది.

డల్లాస్ పాఠకురాలు

మీరిద్దరూ మంగోలియా ప్రజలను మరచిపోయారు. వాళ్ళకు చెంగిజ్ ఖాన్ జాతిపిత. రాజధానికి కొంత దూరంలో 2008లో నలభై మీటర్ల విగ్రహం నిలిపారు. బయటివాళ్ళం కూర్చుని ఆయన లెక్కలు తేల్చడం ఎంతవరకు సబబు?

హన్మకొండ పాఠకుడు

న్యాయమైన ప్రశ్న, అమ్మా. సోవియట్ నీడలో ఆ ప్రజలు తమ పూర్వీకుడి పేరు ఎత్తడానికే భయపడ్డారు. 1962లో ఆయన 800వ జయంతికి స్మారకం కట్టించినందుకు, వేడుకలు జరిపినందుకు తొమోర్ ఒచిర్ అనే పార్టీ నాయకుడు పదవి పోగొట్టుకున్నాడు. అలాంటి అణచివేత తరువాత పెట్టిన విగ్రహాన్ని నేను తప్పుపట్టను. తెగలను ఒక్క జాతిగా కూర్చినవాడిని వాళ్ళు తలచుకోవడం వాళ్ళ హక్కు. సమర్‌ఖండ్ నేతగాళ్ళను తలచుకోవడం ఆ హక్కుకు అడ్డు రాదనే నా నమ్మకం.

సోవియట్ కాలంలో పక్కన పెట్టిన నిలువు లిపిని మంగోలియా 2025 నుంచి సిరిలిక్‌తో పాటు ప్రభుత్వ పత్రాలలో మళ్ళీ వాడుతోంది. ఆ లిపి వాళ్ళకు ఎలా వచ్చిందో కూడా సంప్రదాయం చెబుతుంది. 1204లో నైమాన్ తెగ ఓడిపోయినప్పుడు, తన రాజు ముద్రను గుండెకు హత్తుకుని పారిపోతున్న తాతాతుంగా అనే ఉయ్‌ఘుర్ లేఖకుడు పట్టుబడ్డాడు. ఆ ముద్ర దేనికని చెంగిజ్ అడిగాడు. అతను వివరించాక, తన కొడుకులకు ఆ రాత నేర్పమని ఆజ్ఞాపించాడు.