హన్నా ‘కుమ్మరించుకొనుచున్నాను’ అన్నచోట ఆ ‘కొను’ ఎందుకు?

ప్రశ్న: బైబిలులో 1 సమూయేలు 1:15లో, సమూయేలు ప్రవక్త తల్లి హన్నా “నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను” అంటుంది. 62వ కీర్తన 8వ వచనంలో మాత్రం “ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి” అని ఉంది. ‘కొను’ ఉన్నా లేకపోయినా అర్థం ఒకటేనా అండీ?

జవాబు: ఒకటి కాదండీ. హీబ్రూలో రెండుచోట్లా క్రియ ఒకటే, షాఫక్. నీళ్లు, రక్తం ఒలకబోయడానికి కూడా అదే మాట వస్తుంది. ‘కొను’ మన అనువాదకులు తెలుగు నుడికారం కోసం చేర్చారు, ఎంతో తెలిసి చేర్చారు. డాక్టరుకు నొప్పి ఎక్కడుందో చెబుతాం, అక్క దగ్గర కష్టం చెప్పుకుంటాం. చెప్పుకోవడంలో ఆ కష్టం చెప్పేవాళ్ల సొంతం, చెప్పడం వల్ల వచ్చే ఊరటా వాళ్లదే. (‘కొను’ అన్నిచోట్లా ఇలా ఉండదు. ‘తిట్టుకున్నారు’ అంటే ఒకరినొకరు.)

కీర్తన “జనులారా” అని అందరినీ పిలిచి చెబుతోంది, కాబట్టి అక్కడ ‘కుమ్మరించుడి’ చాలు. హన్నా మాట్లాడుతున్నది తన గురించి. పిల్లలు లేరు, సవతి పెనిన్నా ఏటేటా ఏడిపిస్తోంది. షిలోహు మందిరంలో పెదవులు కదులుతున్నాయిగాని స్వరం వినబడలేదు. యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు. ఆ అపార్థానికి ఆమె ఇచ్చిన జవాబే ఈ వాక్యం. తర్వాత ఏలీ దీవిస్తూ అన్నదీ “నీవు చేసికొనిన మనవి” అనే. మళ్లీ ‘కొను’!

18వ వచనం కూడా చూడండి. ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆనాటినుంచి “దుఃఖముఖిగా” ఉండడం మానింది. అప్పటికింకా ఆమె కొడుకు సమూయేలు కడుపున పడలేదు. అడిగింది చేతికి రాకముందే అన్నం సయించింది. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఇంకొకరు: ఈ షాఫక్ 22వ కీర్తన 14లోనూ ఉంది. అక్కడ తెలుగు “నేను నీళ్లవలె పారబోయబడి యున్నాను.” పారబోసేది అక్కర్లేనిదాన్ని. కుమ్మరించడం అంటే ఒకరి ముందు ఏమీ మిగలకుండా మొత్తం వంపేయడం. మూలంలో ఒకటే మాట, తెలుగులో సందర్భాన్నిబట్టి రెండు. విలాపవాక్యములు 2:19లో “నీళ్లు కుమ్మరించునట్లు ప్రభువు సన్నిధిని నీ హృదయమును కుమ్మరించుము” అన్నారు. అక్కడా నీళ్లే, కానీ పారబోయమనలేదు, ఎదుట ప్రభువు ఉన్నాడు కాబట్టి.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషం అండీ. మా సంఘంలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ఉద్యోగం, ఆపరేషన్, పిల్లల పెళ్లి అని అందరం ఒక్కో మాటలో చెప్పి కూర్చుంటాం. పెద్దవాళ్లు మాత్రం “దేవునికి చెప్పుకో తల్లీ” అనే అంటారు, “చెప్పు” అని ఎప్పుడూ వినలేదు.

జవాబు: పదిమందిలో మనవి చెప్పడమూ అవసరమేనండీ, మనకోసం భారంతో ప్రార్థించేవాళ్లకు విషయం తెలియాలి కదా. అయితే పెనిన్నా అన్న మాటలు, రాత్రి నిద్రపట్టని టెన్షన్, ఎవరిమీదో కోపం సభలో చెప్పలేం. మీ పెద్దవాళ్లు చెప్పుకోమంటున్నది వాటినే.