"పాట్రీషియస్"ను కులీనుడు అనొచ్చా? (1144, రోము)

ప్రశ్న: మధ్యయుగ రోము మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. పోపు పాలన మీద తిరగబడ్డ జనం 1144లో జోర్దానో పియెర్లెయోనిని "పాట్రీషియస్"గా ఎన్నుకున్నారు. నిఘంటువు కులీనుడు అంటోంది. "కులీనుడిగా ఎన్నుకున్నారు" అంటే అతకడం లేదు. ఏం రాయాలండీ?

జవాబు: అతకదండీ. కులీనత పుట్టుకతో వస్తుంది, ఎన్నుకుంటే రాదు. ప్రాచీన రోములో ఆ మాట వంశాన్నే చెప్పేది. కాన్‌స్టంటైన్ నాటికి చక్రవర్తి ఇచ్చే బిరుదైంది. 754లో పోపు ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఇదే ఇచ్చాడు. 1046లో జర్మన్ రాజు మూడో హెన్రీ దీన్ని చేపట్టి పోపుల ఎంపికలో తన మాట నెగ్గించుకున్నాడు. అంతటి బిరుదును ఊరి జనం తామే కట్టబెట్టారంటే, ఊరికి పెద్దెవరో తామే తేలుస్తామన్నట్టు. జోర్దానో కులీనుడే, పోటీ పోపు రెండో అనాక్లెటస్‌కు సోదరుడు. అది అతని పుట్టుక, ఇది అతని పదవి. తొలిసారి "పాట్రీషియస్, అంటే నగరాధినేత" అని రాసి, తర్వాత ఉత్త పాట్రీషియస్ అనండి. "రాజప్రతినిధి" మాత్రం వద్దు. తిరుగుబాటుదారులు జర్మన్ రాజు మూడో కాన్రాడ్‌కు విధేయులమనే చెప్పుకున్నారు గానీ, జోర్దానోను నియమించింది ఆయన కాదు.

ఇంకో జవాబు: ముందుముందు "రెగాలియా" కూడా తగులుతుంది, జాగ్రత్త. నగరం లోపలా బయటా ఉన్న రెగాలియా అంతా పాట్రీషియస్‌కు అప్పగించి, పూర్వపు పూజారుల్లా దశమ భాగంతో, కానుకలతో బతకమని పోపును అడిగారని ఫ్రైసింగ్ బిషప్పు ఓటో రాశాడు. ఇక్కడ "రాజచిహ్నాలు" అంటే చదివేవాళ్లకు కిరీటం, రాజదండం కనబడతాయి. అసలు సంగతి సుంకాలు, నాణేల ముద్రణ, న్యాయవిచారణ లాంటి హక్కులు, వాటి రాబడి. "రాజహక్కులు" సరిపోతుంది. దశమ భాగం, కానుకలు మన క్రైస్తవులు రోజూ అనే మాటలే, అవే ఉంచండి. "పదోవంతు పన్ను" అన్నారా, పన్ను వేసే అధికారం పోపుకే మిగిలినట్టు ధ్వనించి డిమాండే తలకిందులవుతుంది.

ప్రశ్న: మరి "ప్రీఫెక్ట్"? రాయి తగిలి పోపు చనిపోయాడన్న మాటో?

జవాబు: ప్రీఫెక్ట్‌ను అలాగే ఉంచి, "నగరంలో పోపు తరఫు అధికారి" అని ఒకసారి చెప్పండి. పోపు రెండో లూషియస్ 1145 ఫిబ్రవరిలో చనిపోయిన మాట నిజం. తిరుగుబాటుదారులున్న క్యాపిటల్ కొండ మీద దాడి చేస్తుంటే రాయి తగిలిందన్నది ఒక చరిత్రకారుడి కథనం, కాబట్టి "అంటారు" చేర్చడం మంచిది. ఆ ఏడాది చివర్లో తర్వాతి పోపు మూడో యూజీనియస్‌తో రాజీ కుదిరింది. పాట్రీషియస్ పదవి పోయింది, ప్రీఫెక్ట్ తిరిగొచ్చాడు, తిరుగుబాటుదారులు పెట్టుకున్న నగర సభ, అంటే సెనేటు, పోపు అధికారం కింద నిలిచింది. "కులీనుడు" అని మొదలుపెట్టి ఉంటే ఇక్కడ "కులీనుణ్ని రద్దు చేశారు" అని రాయాల్సొచ్చేది.