గాజువాకలో అమ్మానాన్న, నేను దుబాయ్‌లో: ఆరోగ్య బీమా ఎలా?

అందరికీ నమస్కారం. దుబాయ్ వచ్చి రెండు నెలలైంది. నాన్నగారికి 71, అమ్మకి 64. ఇద్దరికీ షుగర్. బియ్యం కార్డు ఉంది. ప్రైవేటు పాలసీ ప్రీమియం చూస్తే గుండె గుభేల్మంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, పాలసీ సంగతి తర్వాత. వాళ్ళ ఆధార్‌కి ఎవరి ఫోన్ నంబరు లింక్ అయి ఉంది? నీదైతే ముందు అది మార్పించు.

నేను వచ్చిన మొదటి ఏడాదే మా అమ్మకి గుండెనొప్పి వచ్చింది. ఉచిత వైద్యం కోసం ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆధార్ సరిచూస్తుంటే వేలిముద్ర పడలేదు. హార్బర్‌లో ఇరవై ఏళ్ళు రొయ్యలు ఒలిచిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. మా పిన్ని ఆ వేళ్ళని చీరకొంగుతో తుడిచి మళ్ళీ మళ్ళీ పెట్టించిందట. సరే ఓటీపీ అంటే, అది నా పాత నంబరుకి పోతోంది. ఆ సిమ్ రీఛార్జ్ లేక ఆగిపోయి ఇక్కడ నా పెట్టెలో ఉంది. చివరికి కనుపాపతో పని అయింది గానీ, ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

బియ్యం కార్డు ఉంది కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మన పాత ఆరోగ్యశ్రీ, వర్తించాలి. ఏడాది ఆదాయం 5 లక్షల లోపు కుటుంబాలకి 25 లక్షల దాకా చికిత్స. నాన్నగారికి 70 దాటాయి కదా, ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించు. 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షలు, ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో వయసు చాలు. షుగర్ ముందే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అయితే ఇవన్నీ ఆసుపత్రిలో చేరితేనే. నెలనెలా షుగర్ మాత్రలకి పనికిరావు, వాటికి విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఓపీకి వెళ్ళమను.

అమ్మకి ప్రైవేటు పాలసీ తీసుకుంటే షుగర్ ఉందని దాచకు. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు. ముందున్న జబ్బులకి డబ్బులివ్వడానికి కంపెనీ మూడేళ్ళకి మించి ఆగమనకూడదని 2024లో రూల్ వచ్చింది.

మరొకరు: నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకం వర్తించే ఆసుపత్రిలో, ముందు ఆరోగ్యమిత్ర (రోగులకి సాయం చేసే పథకం ఉద్యోగి) దగ్గరికి వెళ్ళమనండి. పథకం కింద వచ్చే చికిత్సకి అడ్వాన్స్ అడిగితే కట్టకుండా 104కి ఫోన్ చేయించండి.

అక్కా, ఇద్దరి ఆధార్‌కీ నా నంబరే ఉంది. సిమ్ నా దగ్గరే ఉంది. సోమవారం మా బావ వాళ్ళిద్దర్నీ ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్తానన్నాడు. అమ్మ ఫోన్ నంబరే పెట్టిస్తున్నాం.