కొత్త రైలు మార్గానికి ఇంట్లో సగం పోతోంది: పరిహారం ఎలా లెక్కిస్తారు?

ప్రశ్న (పరిటాల దగ్గరి పల్లె)

నమస్కారమండీ. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు వేయబోయే 57 కిలోమీటర్ల రైలు మార్గానికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు మా ఊరివాళ్లం అందరం సంతోషించాం. ఇప్పుడు సర్వేవాళ్లు పాతిన రాయి మా పెరట్లో, బోరింగుకూ పశువుల కొట్టానికీ నడుమ ఉంది. ఆ గీత ప్రకారం వంటగది, కొట్టం, బోరు పోతాయి. ముందున్న రెండు గదులూ అరుగూ మాత్రం మిగులుతాయి. స్థలం గ్రామకంఠంలోది (ఊరి ఉమ్మడి నివాస స్థలం) కనుక దస్తావేజు లేదు. పన్నెండేళ్ల క్రితం కాలం చేసిన మా తాతగారి పేరుమీద ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఉన్నాయి. ఇంట్లో అమ్మానాన్నలు, పెళ్లికాని తమ్ముడు (24 ఏళ్లు) ఉంటున్నారు. వంటగది లేని ఇంటిని మేమేం చేసుకోవాలి? ప్రభుత్వం ఏ మేరకు ఆదుకుంటుంది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి)

రాయి పాతినంత మాత్రాన భూసేకరణ మొదలైనట్టు కాదండీ. 2008లో రైల్వే చట్టానికి చేర్చిన అధ్యాయం ప్రకారం, 20ఎ సెక్షన్ కింద గెజిట్‌లో నోటిఫికేషన్ వెలువడి, దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, అచ్చయినప్పుడే అసలు లెక్క మొదలవుతుంది. నోటిఫికేషన్ వెలువడిన 30 రోజుల్లోగా 20డి కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మీ సర్వే నంబరు అందులో ఉందో లేదో ఎవరో వచ్చి చెబుతారని కూర్చోకండి. ఆ తరువాత 20ఇ కింద ప్రకటన వెలువడిన రోజునే, మీ చేతికి రూపాయి రాకపోయినా, భూమి కేంద్రానికి దఖలు పడిపోతుంది. ఆ ప్రకటన నుంచి ఏడాదిలో అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ఇవ్వాలి. అనివార్య కారణాలు ఉంటే మరో ఆరు నెలలు పొడిగించవచ్చు గానీ, అలా జాప్యమైన ప్రతి నెలకూ అవార్డులో 5 శాతానికి తగ్గకుండా అదనంగా చెల్లించాలి.

ఇక డబ్బు విషయం. కేంద్రం 2015 ఆగస్టు 28న ఇచ్చిన ఉత్తర్వుతో 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాసం లెక్కలు రైల్వే సేకరణకూ వర్తిస్తున్నాయి. పల్లెల్లో స్థలం మార్కెట్ విలువను 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. కట్టడాలకు గుణకం ఉండదు. వాటి విలువను ఇంజినీరు అంచనా వేస్తాడు. రెండూ కలిపిన మొత్తానికి నూరు శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) చేరుస్తారు. ఉదాహరణకు పోయే స్థలం 4 లక్షలు, గుణకం 1.25, వంటగదీ కొట్టం బోరూ కలిపి 3 లక్షలు అనుకుంటే 5+3=8, సొలేషియంతో 16 లక్షలు. కొందరు దళారులు గుణకాన్ని ఇంటికీ కలిపి ఆశపెడుతుంటారు, నమ్మకండి.

సగం ఇంటి సంగతికొస్తే, యజమాని కోరితే ఇల్లు మొత్తం తీసుకోవాలనే నిబంధన 2013 చట్టం 94వ సెక్షన్‌లో ఉంది. కానీ 2015 ఉత్తర్వు ప్రధానంగా పరిహారం, పునరావాసాలకు సంబంధించినది కనుక, ఆ సెక్షన్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవడం క్షేమం కాదు. రైల్వే చట్టం 20ఎఫ్‌లోనే ఒక దారి ఉంది. భాగం విడదీయడం వల్ల మిగిలిన ఆస్తికి కలిగే నష్టాన్నీ, నివాసం మార్చుకోక తప్పని స్థితిలో అయ్యే ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలని అక్కడ ఉంది. మిగిలిన రెండు గదులు నివాసయోగ్యం కావని కొలతలతో, ఫొటోలతో అభ్యంతరంలోనే రాయండి. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినట్టు తేలితే పునరావాసం కింద ఇల్లు, ఏడాదిపాటు నెలకు 3,000, రవాణాకు 50,000, ఒకేసారి ఇచ్చే పునరావాస భత్యం మరో 50,000, కొట్టానికి కనీసం 25,000 వర్తిస్తాయి. 2013 చట్టం నిర్వచనంలో వయోజనుడు ప్రత్యేక కుటుంబం కనుక, మీ తమ్ముడి పేరు విడిగా రాయించండి.

జవాబు (మరో కొత్త లైనులో ఇల్లు పోయినవాడిని)

పైవారు చట్టం చక్కగా చెప్పారు. నేను కొలతల రోజు గురించి చెబుతాను. మా ఇంటికి ఇద్దరు టేపుతో, ఒకరు పుస్తకంతో వచ్చారు. ముప్పావుగంటలో పని ముగించి, టేకు దూలాలున్న మా ఇంటిని 'పెంకుటిల్లు' అని ఒక్క మాటలో రాసేశారు. సిమెంటు నీళ్లతొట్టినీ బావి గట్టునూ రాయనేలేదు. మా నాన్నగారు చదవకుండానే సంతకం పెట్టారు. దాన్ని సరిచేయించడానికి నాలుగు నెలలు తిరగాల్సి వచ్చింది. అందుచేత, ఆ రోజు మీరు సెలవు పెట్టి అక్కడ ఉండండి. బోరు లోతు, మోటారు, గచ్చు, కొబ్బరి చెట్ల సంఖ్య రాసి ఉన్న కాగితం చేతికిచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. డబ్బు తీసుకునేటప్పుడు మొత్తం సమ్మతం కాకపోతే 'అభ్యంతరంతో స్వీకరించాను' అని రాయండి. ఆ తరువాత పరిహారం వివాదం తేల్చడానికి కేంద్రం నియమించే ఆర్బిట్రేటర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. మా బాబాయి వాటా కూడా ఉంది. ఆయన ఊరు వదిలి ఇరవై ఏళ్లయింది. డబ్బు ఎవరి పేరున వస్తుంది?

జవాబు (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి)

తాతగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. హక్కుదారులంతా ఒకే మాటమీద ఉంటే అధికారే వాటాలు వేస్తాడు. వివాదం వస్తే అది సివిల్ కోర్టుకు పోతుంది, సొమ్ము ఇరుక్కుపోతుంది. గ్రామకంఠం ఇళ్లకు దస్తావేజు లేకపోయినా పన్ను రసీదులు, పంచాయతీ అసెస్‌మెంటు రిజిస్టరు నకలు స్వాధీనానికి మంచి సాక్ష్యాలే. బాబాయిగారిని ఈ పండక్కి ఊరికి పిలిచి, వాటాల కాగితం రాసుకోండి.