కామాలతో ఉన్న జాబితాను వరుసలుగా విడగొట్టడం ఎలా?

మునేరు: తెలంగాణలోని 33 జిల్లాల పేర్లు ఒకే వరుసలో, కామాలతో ఉన్నాయి. కామా, ఖాళీ రెండూ టర్మినల్‌లో అక్షరాలు మార్చే టీఆర్ కమాండుకు ఇచ్చి కొత్త వరుసగా మార్చమన్నాను. జోగులాంబ ఒక వరుసలో, గద్వాల మరో వరుసలో పడ్డాయి! మధ్యమధ్య ఖాళీ వరుసలు కూడా. దారి చెప్పగలరా?

పాతకీబోర్డు: మునేరు గారూ, టీఆర్‌కు అక్షరాలే తెలుసు. కామాను, ఖాళీని జంటగా ఇచ్చినా దేన్ని చూస్తే దాన్ని మార్చేస్తుంది. పాఠంలో వెతికి మార్చే సెడ్ కమాండు జంటను జంటగానే పట్టుకుంటుంది. ఇలా రాయండి: ఎస్, స్లాష్, కామా, ఖాళీ, నక్షత్రం, స్లాష్, బ్యాక్‌స్లాష్ ఎన్, స్లాష్, జీ. నక్షత్రం ఉంటే కామా తర్వాత ఖాళీ లేకపోయినా, నాలుగు ఉన్నా పని జరుగుతుంది. చివరి జీ మరిచిపోతే మొదటి కామా దగ్గరే ఆగిపోతుంది.

నల్లరేగడి: బీఎస్‌డీ రకం సెడ్ (మ్యాక్‌లో ఉండేది) వాడేవారు జాగ్రత్త. నాకు వరుసలు విడిపోలేదు, కామా ఉన్నచోటల్లా ఎన్ అక్షరం వచ్చి కూర్చుంది. ఎన్ బదులు బ్యాక్‌స్లాష్ తర్వాత నిజంగానే ఎంటర్ నొక్కితే సరిపోయింది.

మునేరు: విడిపోయాయండీ! కానీ వరుసలు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ 32 అని చూపిస్తోంది. తెర మీద వేలు పెట్టి లెక్కపెడితే 33 ఉన్నాయి.

పాతకీబోర్డు: ఏ జిల్లా పోలేదు. డబ్ల్యూసీ వరుస ముగింపు గుర్తులను లెక్కపెడుతుంది. మీ ఫైలు చివర ఎంటర్ లేదన్నమాట. వరుసలను వెతికి లెక్కపెట్టే గ్రెప్ మైనస్ సీ పక్కన ఖాళీ కొటేషన్లు పెట్టి చూడండి.

తాటాకు: తెలుగు పాఠంతో పనిచేసేవారు ఇది తప్పక తెలుసుకోవాలి. పద్యాలను దండం గుర్తు (పాదం చివరి నిలువు గీత) దగ్గర విడగొట్టాలని గ్నూ టీఆర్‌కు (లినక్స్‌లో మామూలుగా ఉండే రకం) దండం ఇచ్చాను. ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం మిగల్లేదు, అన్నీ ప్రశ్నార్థకాలే. గుండె ఆగినంత పనైంది. గ్నూ టీఆర్ చూసేది పూర్తి అక్షరాన్ని కాదు, దాన్ని దాచే ముక్కలైన బైట్లను. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దండానికి 3 బైట్లు, తెలుగు అక్షరానికీ 3 బైట్లు, రెండింటి మొదటి బైటు ఒకటే. దండాన్ని కోయమంటే ప్రతి అక్షరానికీ తల తెగింది. అదే పని సెడ్ చక్కగా చేసింది. అసలు ఫైలుకు నకలు ఉండబట్టి బతికిపోయాను.

మునేరు: గ్రెప్ 33 చూపించింది! సార్ట్ కూడా చేశాను. మొదట ఆదిలాబాద్, చివర హైదరాబాద్, మధ్యలో జోగులాంబ గద్వాల ఒకే వరుసలో. అందరికీ ధన్యవాదాలు.