రెండు రిమోట్లూ ఒకేసారి ఆగిపోయాయి, గ్యారేజ్ తలుపు తెరిచేదెలా?

కారులోనే_ఉన్నా: గోడ మీది బటన్ నొక్కితే తలుపు మామూలుగానే పైకి వెళ్తోంది. రిమోట్‌తో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో ఉన్న రెండు రిమోట్లదీ అదే పరిస్థితి. మెకానిక్‌ని పిలిచే ముందు మనం చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

బిళ్ల_బ్యాటరీ: ముందు బ్యాటరీ మార్చండి. చిన్న రిమోట్లలో ఎక్కువగా సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల ఉంటుంది. కొన్ని పాతవాటిలో ఏ23 అనే 12 వోల్టులది. రిమోట్ మీద లైటు వెలుగుతోంది కదా అని వదిలేయకండి, బ్యాటరీ నీరసించినా అది వెలుగుతుంది.

పానా_పట్టకారు: రెండు బ్యాటరీలు కూడబలుక్కుని ఒకేసారి చావవు కదండీ! గోడ బటన్ పనిచేస్తోందంటే మోటారు, స్ప్రింగులు బాగున్నట్టే. తేడా సిగ్నల్ అందుకునే చోట ఉంది. గోడ బోర్డు మీద లాక్ బటన్ ఉందేమో చూడండి. ఊరెళ్లేటప్పుడు బయటి రిమోట్లు పనిచేయకుండా ఆపడానికి పెట్టింది అది. పిల్లలో, పనిలో ఉన్నవాళ్లో నొక్కి పట్టుకున్నా ఆన్ అయిపోతుంది. చాలావాటిలో కాసేపు నొక్కి ఉంచితే ఆఫ్ అవుతుంది.

తోచింది_చెప్తా: తలుపుకి అటూ ఇటూ కింద ఉండే సెన్సార్లు తుడిచి చూడండి, మాకు అలాగే సరైంది.

పానా_పట్టకారు: అది తలుపు మూసుకోనప్పుడు చూడాల్సింది. సెన్సార్‌కి ఏదైనా అడ్డొస్తే దిగడం ఆగుతుంది గానీ తెరుచుకోవడం ఆగదు.

కారులోనే_ఉన్నా: లాక్ ఆన్‌లో లేదు. కానీ సరిగ్గా మోటారు కింద నిలబడి నొక్కితే ఒక్కోసారి పనిచేస్తోంది.

పానా_పట్టకారు: అయితే ఏదో సిగ్నల్‌కి అడ్డుపడుతోంది. మోటారు పెట్టెలో ఈమధ్య ఎల్ఈడీ బల్బు వేశారా? కొన్ని బల్బుల లోపలి సర్క్యూట్ రేడియో గోల పుట్టిస్తుంది. 315, 390, 433 మెగాహెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీల మీద నడిచే రిమోట్ మాట ఆ గోలలో వినపడదు. బల్బు తీసేసి నొక్కి చూడండి. మోటారు నుంచి వేలాడే సన్నటి యాంటెన్నా వైరు తెగిందో, చుట్టుకుపోయిందో కూడా గమనించండి.

ఇవేవీ కాకపోతేనే లెర్న్ బటన్, అంటే మోటారు పెట్టె మీద రిమోట్‌ని జత కలపడానికి ఉండే బటన్ దగ్గరికి వెళ్లండి. చాలా మోడళ్లలో దాన్ని ఒకసారి నొక్కి వదిలి, 30 సెకన్లలోపు రిమోట్ నొక్కితే మళ్లీ జత కలుస్తుంది. ఎక్కువసేపు నొక్కి పట్టుకున్నారో, అందులో ఉన్న రిమోట్లన్నీ చెరిగిపోతాయి.

కారులోనే_ఉన్నా: బల్బే! తీయగానే వాకిట్లోంచే తెరుచుకుంది. రెండు రిమోట్లూ ఓకే. థాంక్సండీ.

కొత్తగా_వచ్చా: మధ్యలో వస్తున్నందుకు సారీ. కరెంటు పోతే ఏం చేయాలి? మోటారు దగ్గర ఎర్ర తాడు వేలాడుతోంది, లాగాలంటే టెన్షన్‌గా ఉంది.

పానా_పట్టకారు: ఆ టెన్షన్ ఉండటమే మంచిది. తాడు లాగితే తలుపుకీ మోటారుకీ లంకె తెగుతుంది, తర్వాత చేత్తో ఎత్తుకోవచ్చు. కానీ తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగండి. బరువంతా మోసేది స్ప్రింగులే. అవి తెగి ఉండి, తలుపు పైన ఉండగా తాడు లాగితే ధడాలున మీద పడుతుంది. మూసి ఉన్న తలుపు ఎత్తబోతే అసాధారణంగా బరువనిపించినా అక్కడే ఆపేయండి. స్ప్రింగు పని ఇంట్లో చేసుకునేది కాదు.

బిళ్ల_బ్యాటరీ: గ్యారేజ్‌కి వేరే ద్వారం లేకపోతే, ఆ లంకెని బయటినుంచే తాళంచెవితో తెంచే రిలీజ్ ముందే పెట్టించుకోండి. లోపలి తాడు బయటున్నవాళ్లకి అందదుగా.

పానా_పట్టకారు: ఇంకొకటి. తాడు లాగాక మోటారు తలుపుని పట్టి ఉంచదు, బయటినుంచి ఎవరైనా ఎత్తేయవచ్చు. రాత్రికి అలాగే వదలాల్సి వస్తే లోపల గడియ వేయండి. కరెంటు వచ్చాక బటన్ నొక్కే ముందు ఆ గడియ తీయాలి, లేకపోతే మోటారు లాగే లాగుడికి తలుపు వంగుతుంది.