బయాస్‌లో ఏం లేదు, మెసేజ్‌లోనే ఉంది తిరకాసు: మార్చాలా వద్దా?

కడప_తమ్ముడు: మా ల్యాబ్‌లో వీఎంలు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) లేపే పైథాన్ స్క్రిప్ట్ ఒకటుంది. నిన్న నా లాగిన్‌లో "ఈ సీపీయూలో వర్చువలైజేషన్ లేదు, బయాస్ చూడండి" అనింది. బయాస్‌లోకి (మిషన్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లోకి) పోతే వీఎంలకు కావాల్సినవన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. గంటన్నర పోయినాక తెలిసింది, నా యూజర్ కేవీఎం (లినక్స్‌లో వీఎంలు నడిపేది) గ్రూపులో లేదు. కోడ్ తీసి చూస్తే ఏ ఓఎస్‌ఎర్రర్ (సిస్టమ్ ఇచ్చే ఎర్రర్) వచ్చినా అదే ప్రింట్! మారుద్దామా?

బురుజు_కర్నూలు: ఆ స్క్రిప్ట్ నాదే. నేను చూసిన కేసులు చానావరకు బయాసే. పైగా ఆ లైన్‌ను గ్రెప్ చేసి (అక్షరాలతో వెతికి) చెడిన మిషన్ల లిస్టు తీసే స్క్రిప్ట్ ఇంకోటుంది. ముట్టుకోవద్దు.

ఉగ్గాని_బజ్జి: బయాస్ కాదు, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ అనాల.

గండికోట_రూట్: అన్నా, బయాస్‌లో ఆఫ్ ఉంటే కేవీఎంను తెరిచే /డెవ్/కేవీఎం ఫైలే పుట్టదు, ఎర్రర్ 2 (ఫైల్ లేదు). ఫైల్ ఉండి పర్మిషన్ లేకుంటే 13. పక్కన వర్చువల్‌బాక్స్‌లో (వీఎంలు నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్) వీఎం నడుస్తాంటే, కొంచెం పాత లినక్స్‌లో అయితే ఫైల్ తెరుచుకుంటుంది గానీ వీఎం పుట్టేకాడ 16 (ఖాళీ లేదు) వస్తాది. కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఇంత వివరంగా చెప్తాంటే మనం అన్నిటికీ ఒకటే మాత్ర ఇస్తాండాం.

బురుజు_కర్నూలు: నంబర్లు నాకూ తెలుసు. గ్రెప్ సంగతి చెప్పు.

గండికోట_రూట్: ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబరు) చూసుకోమనండి ఆ స్క్రిప్ట్‌ని. మనుషులు చదివే మాటను గ్రెప్ చేయడమేంది?

ఉగ్గాని_బజ్జి: ఇంకా బయాస్ అనే అంటాండారు.

కడప_తమ్ముడు: గ్రెప్ సంగతి పక్కన పెట్టండన్నా. మీ మెసేజ్ నమ్మి బయాస్ తెరిచినందుకు "సెట్టింగులు ఎవరు కెలికింది?" అని క్లాసందరి ముందర నన్ను నిలబెట్టింది మీరే.

బురుజు_కర్నూలు: సరే, వినండి. మొదట్లో అసలు ఎర్రరే ప్రింట్ చేసేవాణ్ణి. "పర్మిషన్ డినైడ్" కనపడితే చాలు, పిల్లోళ్లు నెట్‌లో వెతికి సీహెచ్‌మాడ్ 777 (ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చనే పర్మిషన్) కొట్టేది. ఒకడు వీఎంల డిస్క్ ఇమేజ్‌లుండే ఫోల్డర్ మొత్తానికి కొట్టినాడు. ఇంకొకడెవడో దాంట్లో డిస్క్ ఇమేజ్ చెరిపేసినాడు. రెండు రాత్రులు కూర్చుని బ్యాకప్ ఎక్కించింది నేను. అందుకే దాచినా.

గండికోట_రూట్: అంటే తెలిసే అబద్ధం రాసినారు! ఇది బగ్ కానే కాదు, మా మీద నమ్మకం లేకపోవడం.

బురుజు_కర్నూలు: నమ్మకం లేదు. నిజమే.

కడప_తమ్ముడు: "మీ యూజర్ కేవీఎం గ్రూపులో లేదు, ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌ని అడగండి" అని రాద్దాం. గ్రూపులో చేర్చేది మీరే. మళ్లీ లాగిన్ అయితే సరిపోతాది. సీహెచ్‌మాడ్ జోలికి ఎవడూ పోడు.

బురుజు_కర్నూలు: ...ప్యాచ్ (మార్చిన కోడ్) పంపు, చూస్తా. మొదటి లైన్ మాత్రం అట్నే ఉండాల, గ్రెప్ ఉంది.

కడప_తమ్ముడు: ఆ మొదటి లైనే కదన్నా అబద్ధం.